అమెరికా సిటిజన్‌షిప్‌కు రోజుల లెక్క: ఊరికీ అక్కడికీ మధ్య తిరిగే గ్రీన్ కార్డు వాళ్లు ఎలా వేసుకోవాలి

సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం నింపుతూ పోతుంటే చెయ్యి ఆగిపోయేది ప్రయాణాల పట్టిక దగ్గర. గత ఐదేళ్లలో అమెరికా దాటి ఎప్పుడెప్పుడు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఏ దేశం వెళ్లారు అని అడుగుతారు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి వెళ్లినవాళ్లకు ఈ పట్టిక చిన్నగా ఉండదు. సంక్రాంతికి ఒకసారి, పెళ్లికి ఒకసారి, నాన్నకు స్టెంటు వేశారని ఇంకోసారి వచ్చి ఉంటారు. ఇక పిల్లలు పిటిషన్ వేసి గ్రీన్ కార్డు ఇప్పించిన తల్లిదండ్రుల సంగతి చెప్పనక్కర్లేదు. ఎడగారు పంట చూసుకోవాలని, రొయ్యల గుంట కౌలు డబ్బులు తేల్చుకోవాలని ఏటా ఊరికి వస్తూనే ఉంటారు. అలా రావడంలో తప్పేమీ లేదు. లెక్క చూసుకోకుండా వస్తేనే చిక్కు.

ముందు ఈ తేడా పట్టుకోండి

చట్టం రెండు వేర్వేరు విషయాలు అడుగుతుంది. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే ఎక్కువ దరఖాస్తులు ఇబ్బందిలో పడతాయి.

మొదటిది ఫిజికల్ ప్రెజెన్స్. దరఖాస్తు వేసే రోజుకు ముందు ఐదేళ్లలో కనీసం సగం కాలం మీ మనిషి అమెరికా నేల మీద ఉండాలి. అంటే 30 నెలలు, రోజుల్లో చెప్పాలంటే 913. అమెరికన్ సిటిజన్‌ను పెళ్లాడి, వాళ్లతో కలిసి కాపురం చేస్తూ మూడేళ్ల లెక్క మీద వేసేవాళ్లకు 18 నెలలు, అంటే 548 రోజులు.

రెండోది కంటిన్యువస్ రెసిడెన్స్. మీ కాపురం ఆ ఐదేళ్లూ తెగకుండా అమెరికాలోనే ఉండాలి. ఒక్క ప్రయాణంలో ఆరు నెలలు దాటి బయట ఉంటే కాపురం తెగిపోయిందని ఇమిగ్రేషన్ అధికారులు ముందే అనుకుంటారు, తెగలేదని చూపించాల్సింది మీరు. ఏడాది నిండితే ఇక వాదన లేదు, తెగినట్టే.

ఒకటి నెగ్గి ఇంకొకటి ఓడిపోవడం ఎలా జరుగుతుందో చూడండి. ఒకాయన నాలుగేళ్లు అమెరికా దాటలేదు. ఆ తర్వాత ఒంగోలులో ఇల్లు కట్టిస్తూ 13 నెలలు ఉండిపోయాడు. ఐదేళ్లలో మొత్తం 1,826 రోజులు, బయట ఉన్నవి 395. లోపల ఉన్నవి 1,431. మొదటి లెక్కలో దర్జాగా నెగ్గాడు, రెండో లెక్కలో పూర్తిగా పోయాడు. ఇంకొకావిడ ఎప్పుడూ ఆరు నెలలు దాటనివ్వలేదు. 172 రోజులు కావలిలో, 60 రోజులు డాలస్‌లో కూతురి దగ్గర, మళ్లీ 172 రోజులు కావలిలో. ఏ ప్రయాణమూ విడిగా చూస్తే తప్పు కాదు. కానీ ఐదేళ్లు కూడితే ఆమె అమెరికాలో ఉన్నది సుమారు 470 రోజులే. 913కు సగం పైన కొంచెం. ఆమెకు గ్రీన్ కార్డు నిలబడటమే కష్టం, సిటిజన్‌షిప్ మాట తర్వాత.

ఏ రోజు నుంచి మొదలుపెట్టాలి

గ్రీన్ కార్డు ముందువైపు "రెసిడెంట్ సిన్స్" అని ఒక తేదీ ఉంటుంది. అదే మీ మొదటి రోజు. కార్డు ఇంటికి వచ్చిన రోజు కాదు, కార్డు గడువు తేదీతో అసలు సంబంధమే లేదు. హెచ్-1బీ మీద పన్నెండేళ్లు ఉన్నా, ఎఫ్-1 మీద చదివినా, ఆ రోజుల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాదు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు ఇది మనసు కష్టపెట్టే మాటే, కానీ చట్టం అంతే.

ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఉదాహరణకు కార్డు మీద 2021 ఆగస్టు 14 ఉంటే, ఐదేళ్లు నిండేది 2026 ఆగస్టు 14న. అక్కడి నుంచి 90 రోజులు వెనక్కి లెక్కిస్తే 2026 మే 16. మూడు నెలలు అనుకుని మే 14న పంపితే రెండు రోజులు తొందరపడినట్టు, ఆ రెండు రోజులకే దరఖాస్తు పోతుంది, కట్టిన ఫీజూ తిరిగి రాదు. యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) వెబ్‌సైటులో దీనికోసమే ఒక క్యాలిక్యులేటర్ ఉంది. అందులో వేసి చూసుకుని, పైన ఇంకో వారం ఆగి పంపండి. వారం ఆగితే నష్టం ఏమీ లేదు.

ఈ 90 రోజుల వెసులుబాటు ఐదేళ్ల కాపురం లెక్కకే. 913 రోజులు మాత్రం దరఖాస్తు పంపే రోజుకే చేతిలో ఉండాలి, తర్వాత పూర్తి చేస్తానంటే కుదరదు.

తేదీలు బయటికి తీయడం

అసలు పని ఇదే. దీనికి ఒక ఆదివారం పూర్తిగా పెట్టుకోండి.

అన్ని పాస్‌పోర్టులూ ముందు పెట్టుకోండి, మూల కత్తిరించి ఇచ్చిన పాతవాటితో సహా. పాతది ఊళ్లో బీరువాలో ఉండిపోతే ఇంట్లోవాళ్లతో ప్రతి పేజీ ఫోటో తీయించి తెప్పించుకోండి, తర్వాత ఎవరైనా వచ్చేటప్పుడు అసలుది కూడా తెప్పించండి. ఇంటర్వ్యూలో ఆఫీసర్ పాత పాస్‌పోర్టు కూడా అడగొచ్చు.

ఇప్పుడు స్టాంపుల దగ్గర జరిగే పొరపాటు. మన పాస్‌పోర్టులో స్పష్టంగా కనిపించేవి చెన్నై ఇమిగ్రేషన్ స్టాంపులు. అమెరికా నుంచి బయటికి వెళ్లేటప్పుడు స్టాంపు వేసే పద్ధతే లేదు. గ్రీన్ కార్డు వాళ్లకు లోపలికి వచ్చేటప్పుడు కూడా చాలాసార్లు వేయరు. అందుకని చేతికి అందిన చెన్నై తేదీలే ఫారంలో ఎక్కించేస్తారు. ఫారం అడిగేది అమెరికా వదిలిన తేదీ, అమెరికాలో తిరిగి దిగిన తేదీ.

ఒక ప్రయాణం దగ్గరగా చూద్దాం. 2022 డిసెంబర్ 10 రాత్రి డాలస్‌లో ఫ్లైటు ఎక్కారు. గల్ఫ్ మీదుగా వచ్చి 12 తెల్లవారుజామున చెన్నైలో దిగారు. స్టాంపు మీద డిసెంబర్ 12. తిరుగు ప్రయాణంలో ఫిబ్రవరి 2 రాత్రి భోజనం చేసి నెల్లూరులో కారెక్కారు, ఫ్లైటు 3 తెల్లవారుజామున. పడమటికి పోతున్నాం కాబట్టి అమెరికాలో దిగేసరికి అక్కడ ఇంకా ఫిబ్రవరి 3. ఫారంలో రాయాల్సింది డిసెంబర్ 10, ఫిబ్రవరి 3. స్టాంపులు చూసి రాస్తే డిసెంబర్ 12, ఫిబ్రవరి 3 అవుతుంది, ఇంటి నుంచి బయల్దేరిన రాత్రి గుర్తుపెట్టుకుని రాస్తే ఇంకో తేదీ. ఒక్కో ప్రయాణానికి రెండు రోజులు తేడా పడితే ఐదు ప్రయాణాలకు పది రోజులు. లెక్క అంచు మీద ఉన్నవాళ్లకు పది రోజులంటే మాటలు కాదు. ఆరు నెలల గీత కూడా అమెరికా వదిలిన రోజు నుంచే, చెన్నైలో దిగిన రోజు నుంచి కాదు.

ఈ తేదీలకు ఆధారాలు మూడు చోట్ల వెతకండి. మొదటిది ఈమెయిలు: ఈ-టికెట్, ఇటినరరీ, పీఎన్ఆర్ అని వెతికితే ఎయిర్‌లైన్స్ పంపినవి బయటపడతాయి. టికెట్టు ట్రంకు రోడ్డు మీది ఏజెంటు దగ్గర తీసుకుని ఉంటే వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ఇంకా ఉంటుంది, లేకపోతే అతన్నే అడగండి. టికెట్టు తేదీ మార్చుకున్న ప్రయాణాల్లో మొదటి టికెట్టు కాదు, మార్చిన టికెట్టు చూడాలి. రెండోది సీబీపీ (అమెరికా సరిహద్దు, కస్టమ్స్ శాఖ) వారి ఐ-94 అనే రాకపోకల రికార్డు వెబ్‌సైటు: పాస్‌పోర్టు నంబరు వేస్తే గత పదేళ్ల రాకపోకల చరిత్ర చూపిస్తుంది. పాస్‌పోర్టు మారి ఉంటే పాత నంబరుతో విడిగా వెతకండి. అందులో కొన్ని ప్రయాణాలు కనిపించకపోవచ్చు, భూమి మీదుగా కెనడా వెళ్లినవి మరీను. అది ఒక్కటే నమ్ముకుని రాయకండి, సరిచూసుకోవడానికి వాడండి. మూడోది క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు, ఫోన్‌లో ఫోటోల తేదీలు. ఎయిర్‌పోర్టులో కాఫీ తాగిన బిల్లు కూడా ఒక్కోసారి తేదీ తేల్చేస్తుంది.

తేదీ రాసే పద్ధతి దగ్గర కూడా జాగ్రత్త. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. మన ఏజెంటు టికెట్టులో 04-03-2023 అంటే మార్చి 4. అదే అంకెలు ఫారంలో దింపితే ఏప్రిల్ 3 అవుతుంది. మీ పట్టికలో నెలను అంకెతో కాకుండా పేరుతో రాసుకుంటే ఈ తకరారు ఉండదు.

లెక్క వేసే తీరు

ఎక్సెల్‌లో మూడు గడులు చాలు: వదిలిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, బయట ఉన్న రోజులు. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. అందుకని తిరిగొచ్చిన తేదీలోంచి వదిలిన తేదీ తీసేసి, వచ్చినదాంట్లోంచి ఇంకొకటి తీసేయండి. పైన చెప్పిన ప్రయాణంలో తేదీల మధ్య తేడా 55, ఒకటి తీస్తే 54. చేత్తో చూసుకున్నా డిసెంబర్‌లో 21, జనవరిలో 31, ఫిబ్రవరిలో 2, మొత్తం 54.

అన్ని ప్రయాణాల రోజులూ కూడి 1,826లోంచి తీసేయండి. ఆ ఐదేళ్లలో లీపు సంవత్సరం ఫిబ్రవరి రెండుసార్లు వస్తే 1,827. మిగిలింది 913కు తగ్గకూడదు. సరిగ్గా 913తో వెళ్లకండి. కనీసం ఒక నెల అదనంగా పెట్టుకోండి. ఆఫీసర్ దగ్గరున్న రికార్డుకూ మీ పట్టికకూ రెండు మూడు రోజుల తేడా రావడం మామూలే, ఆ తేడా మీ అర్హతను మింగేయకూడదు.

ఫారంలో రాయాల్సింది 24 గంటలకు మించిన ప్రయాణాలు. పొద్దున నయాగరా కెనడా వైపు వెళ్లి సాయంత్రం వచ్చేస్తే రాయనక్కర్లేదు. ప్యూర్టో రికో, గువామ్, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ అమెరికా కిందికే వస్తాయి, అక్కడున్న రోజులు లోపలి రోజులే. మెక్సికో, బహామాస్ తిరిగొచ్చే క్రూయిజు మాత్రం బయటి ప్రయాణమే. ఊరి ప్రయాణాలు గుర్తుంటాయి కానీ క్రూయిజు, వీసా స్టాంపింగ్ కోసం భార్యతో వెళ్లిన రెండు రోజులు లాంటివి జారిపోతాయి. కూర్చుని ఏడాదికేడాది గుర్తుచేసుకోండి.

ఆరు నెలలు దాటిపోయిందా

దాటి, ఏడాది లోపు వచ్చేసి ఉంటే దారి మూసుకుపోలేదు. ఆ కాలంలో మీ సంసారం అమెరికాలోనే ఉందని కాగితాలతో చూపాలి. ఉద్యోగం వదల్లేదని కంపెనీ లెటరు, జీతం పడిన స్లిప్పులు. భార్యా పిల్లలు అక్కడే ఉన్నారని పిల్లల స్కూలు రికార్డులు. ఇల్లు ఖాళీ చేయలేదని ఇంటి అప్పు (హోమ్ లోన్) కాగితాలు, అద్దె కాగితాలు, కరెంటు బిల్లులు. ఇండియాలో ఉద్యోగంలో చేరలేదని. అన్నిటికన్నా బరువైనది ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టు, ఐదేళ్లదీ. అమ్మానాన్నకు జబ్బు చేసి ఉండిపోతే నెల్లూరు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ జతచేయండి. కానీ అది ఎందుకు ఆగారో చెబుతుంది, కాపురం ఎక్కడుందో చెప్పదు. కాబట్టి అదొక్కటే పెట్టి ఊరుకోకండి.

ఇక్కడ పన్ను గురించి ఒక మాట. గ్రీన్ కార్డు ఉండి, "నేను ఆ ఏడాది అక్కడ లేను కదా" అని నాన్-రెసిడెంట్ రిటర్ను, అంటే 1040-ఎన్ఆర్ వేస్తే, మీ చేత్తో మీరే కాపురం లేదని రాసిచ్చినట్టు. రెసిడెంటు రిటర్నే వేయాలి, ఇండియాలో వచ్చే కౌలు, ఎఫ్‌డీ వడ్డీ, షాపు అద్దె కూడా అందులో చూపాలి.

ఏడాది నిండిపోతే గడియారం మళ్లీ మొదలవుతుంది. తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల ఒక రోజు ఆగి దరఖాస్తు వేయొచ్చు (మూడేళ్ల లెక్కవాళ్లకు రెండేళ్ల ఒక రోజు). 2023 మార్చి 20న తిరిగొచ్చినవారికి అది 2027 మార్చి 21. అయితే ఆ రోజు వేస్తే, వెనక్కి చూసే ఐదేళ్లలో మీ పాత గైర్హాజరు ఇంకా ఆరు నెలలకు పైగా కనబడుతూనే ఉంటుంది, దానికి పై కాగితాలన్నీ మళ్లీ చూపించాలి. ఇంకో ఆరు నెలలు ఆగితే ఆ గైర్హాజరు ఆరు నెలల లోపుకు కుదించుకుపోతుంది. కాగితాలు బలంగా లేనివాళ్లు ఆగడమే మంచిది.

రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది కదా, రెండేళ్లు బయట ఉన్నా ఫరవాలేదు అని చాలామందిలో ఒక నమ్మకం ఉంది. ఐ-131 వేసి తెచ్చుకునే ఆ పర్మిట్ తిరిగి లోపలికి రావడానికి పనికొస్తుంది. సిటిజన్‌షిప్ కోసం చూసే కాపురం తెగకుండా అది ఆపలేదు. దాన్ని ఆపగలిగేది ఎన్-470 అనే దరఖాస్తు, అదీ అమెరికా ప్రభుత్వం, అర్హత ఉన్న అమెరికన్ కంపెనీ, మత సంస్థ వంటి కొన్ని కొలువుల మీద విదేశం వెళ్లినవాళ్లకే. ఊళ్లో పొలం పనికో ఇంటి పనికో వచ్చేవాళ్లకు అది దొరకదు.

తల్లిదండ్రుల టికెట్టు ఎలా వేయాలి

అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు చేయించిన పిల్లలు ఈ భాగం వాళ్లకు చదివి వినిపించండి. ఎందుకంటే తేదీ పొడిగించమని ఏజెంటుకు ఫోన్ చేసేది వాళ్లే.

ఏడాదిలో అమెరికాలో ఏడు నెలలు, ఊళ్లో ఐదు నెలలు అనే కొలత పెట్టుకోండి. ఐదేళ్లకు 35 నెలలు లోపల ఉన్నట్టవుతుంది, ఐదు నెలల వెసులుబాటు మిగులుతుంది. ఆరు, ఆరు అనుకుంటే ఒక్క జ్వరం, ఒక్క పెళ్లి వాయిదా లెక్కంతా చెడగొడుతుంది.

తిరుగు టికెట్టు 150వ రోజుకు వేయండి. 175వ రోజుకు వేసి ధైర్యంగా ఉండకండి. మన తీరం సంగతి మనకు తెలుసు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారీ, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ కొట్టుకుపోయి చెన్నై వైపు రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూసేశారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుగు ప్రయాణం పెట్టుకునేవాళ్లకు నెల రోజుల వెసులుబాటు ఉండి తీరాలి. కంటి ఆపరేషన్, మోకాలి ఆపరేషన్ లాంటివి ఊళ్లో చేయించుకోవాలనుకుంటే వచ్చిన మొదటి నెలలోనే చేయించుకోండి. వెళ్లే ముందు చేయించుకుంటే డాక్టరు ఇంకో ఆరు వారాలు ప్రయాణం వద్దంటాడు, అక్కడే గీత దాటుతుంది.

ఆరు నెలల లోపు అమెరికా వెళ్లి, పదిహేను రోజులు ఉండి, మళ్లీ ఊరికి వచ్చేస్తే లెక్క సరిపోతుందనుకోవద్దు. విమానాశ్రయంలో ఆఫీసరూ, తర్వాత ఇంటర్వ్యూ ఆఫీసరూ ఒక్కో ప్రయాణాన్ని విడిగా చూడరు. వరుస మొత్తం చూసి, ఈయన కాపురం కావలిలో ఉంది, అమెరికాకు చుట్టపు చూపుగా వస్తున్నాడు అని అనుకుంటే గ్రీన్ కార్డుకే ఎసరు.

పిల్లల ఇంట్లో ఉండే తల్లిదండ్రుల పేరు మీద అద్దె కాగితాలు, బిల్లులు ఉండవు. మొదటి ఏడాదే వాళ్ల పేరు మీద కొన్ని మొదలుపెట్టండి: స్టేట్ ఐడీ, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, ఒక ఫ్యామిలీ డాక్టరు దగ్గర రికార్డు, మందుల షాపు రసీదులు. పిల్లలు తమ పన్ను రిటర్నులో వాళ్లను డిపెండెంట్లుగా చూపి ఉంటే ఆ కాపీలు. ఐదో ఏడు వచ్చాక వెతికితే ఇవి పుట్టవు.

ఇంగ్లిషు పరీక్ష మినహాయింపు వయసు ఒక్కదాన్ని బట్టి రాదు. 50 ఏళ్లు దాటి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకే. 68 ఏళ్ల వయసులో ఐదేళ్ల గ్రీన్ కార్డుతో వెళ్లే తండ్రి ఇంగ్లిషులో చదివి, రాసి చూపించాల్సిందే. రోజులు కూడబెడుతున్న ఆ ఐదేళ్లలోనే రోజుకు అరగంట చొప్పున దాని పని కూడా పట్టించండి.

సిటిజన్‌షిప్ తీసుకుంటే ఊళ్లో పొలం పోతుందేమోనని భయపడేవాళ్లున్నారు. ఉన్న పొలం ఉంటుంది, వారసత్వంగా కూడా రావచ్చు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చేది) మీద కొత్తగా వ్యవసాయ భూమి కొనడం మాత్రం కుదరదు.

దరఖాస్తు పంపే ముందు, పంపాక

దరఖాస్తు వేసే రాష్ట్రంలో లేదా ఆ యూఎస్‌సీఐఎస్ జిల్లాలో మూడు నెలలు ఉండి ఉండాలి. న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు మారి ఉంటే మూడు నెలలు నిండేదాకా ఆగండి. అడ్రసు మారిన పది రోజుల్లోపు యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి, దాన్ని మరిచిపోతే ఇంటర్వ్యూ ఉత్తరం పాత ఇంటికి పోతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఉన్న ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద పంపితే 760. కట్టే రోజు ఒకసారి వెబ్‌సైటు చూసుకోండి.

పంపాక ఊరికి రావచ్చా? రావచ్చు. 913 రోజుల లెక్క దరఖాస్తు రోజుతో ముగిసింది. కాపురం మాత్రం ప్రమాణం చేసే రోజు దాకా తెగకూడదు. కాబట్టి రెండు మూడు వారాలకు మించకుండా వచ్చి వెళ్లండి, బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో) ఉత్తరం, ఇంటర్వ్యూ ఉత్తరం చూసి చెప్పే మనిషిని ఇంటి దగ్గర పెట్టండి. ఆ మధ్యలో చేసిన ప్రయాణాలు కూడా రాసిపెట్టుకోండి, ఇంటర్వ్యూలో "దరఖాస్తు తర్వాత దేశం దాటారా" అని అడుగుతారు.

పట్టికలో ఏదైనా తేదీ తప్పు పడిందని తర్వాత తెలిస్తే కంగారు వద్దు. ఇంటర్వ్యూ మొదట్లోనే మీరే చెప్పండి, సరిచేసిన పట్టిక ప్రింటు ఇవ్వండి, ఆఫీసర్ దిద్దుకుంటాడు. తెలిసి ఒక ప్రయాణం దాచడం వేరే సంగతి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు తేలితే, రోజులు సరిపోయినా సత్ప్రవర్తన లేదని తిరస్కరించే అధికారం వాళ్లకుంది.

కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు

ఇదే పట్టిక వేసుకోండి, కొలతలు వేరు. కెనడాలో ఐదేళ్లలో 1,095 రోజులు ఉండాలి. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) రాకముందు చదువు, వర్క్ పర్మిట్ మీద ఉన్న రోజులు కూడా సగం చొప్పున కలుస్తాయి, గరిష్ఠంగా 365 దాకా. రెండేళ్లు చదివి పీఆర్ తెచ్చుకున్నవారికి, ఆ చదువు రోజులు ఐదేళ్ల కిటికీలో ఉన్నంతవరకు, 365 కలిసి ఇంకా 730 రోజులు సరిపోతాయి. అయితే ఆలస్యం చేసేకొద్దీ పాత రోజులు ఆ కిటికీలోంచి జారిపోతాయి, అది గమనించండి. వాళ్ల ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో లెక్క వేసిన ప్రింటు దరఖాస్తుతో వెళ్లాలి. ఐదేళ్లలో మూడేళ్ల పన్ను రిటర్నుల బాధ్యత కూడా తీరి ఉండాలి.

ఆస్ట్రేలియాలో నాలుగేళ్లు చట్టబద్ధంగా ఉండి, చివరి 12 నెలలు పీఆర్ మీద ఉండాలి. నాలుగేళ్లలో మొత్తం 12 నెలలకు మించి, చివరి ఏడాదిలో 90 రోజులకు మించి బయట ఉండకూడదు. బ్రిటన్‌లో ఐదేళ్లలో 450 రోజులకు మించి, చివరి ఏడాదిలో 90కి మించి బయట ఉండకూడదు. అక్కడ ఇంకో మెలిక ఉంది: హోమ్ ఆఫీసుకు దరఖాస్తు అందిన రోజుకు సరిగ్గా ఐదేళ్ల కిందటి రోజున మీరు బ్రిటన్‌లో ఉండి ఉండాలి. ఆ రోజు నెల్లూరులో ఉన్నారని తేలితే మిగతా లెక్కంతా సరిపోయినా ఇబ్బందే. పంపే ముందు ఆ ఒక్క తేదీ పట్టికలో చూసుకుని, కావాలంటే వారం జరపండి.

ప్రమాణం రోజు టికెట్టు

అమెరికాలో ప్రమాణం చేసే హాల్లోనే గ్రీన్ కార్డు వెనక్కి తీసుకుంటారు. ఆ క్షణం నుంచి భారత పౌరసత్వం కూడా ఉండదు, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం అది దానంతటదే పోతుంది. భారత పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణం చేయకూడదు. అమెరికన్ పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. అంటే కొన్ని వారాలు మీ దగ్గర ప్రయాణం చేసే కాగితం ఏదీ ఉండదు. ముందు అమెరికన్ పాస్‌పోర్టు, తర్వాత వీఎఫ్ఎస్ (భారత కాన్సులేట్ల తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా భారత పాస్‌పోర్టు సరెండర్, ఆ సర్టిఫికెట్టుతో ఓసీఐ. డిసెంబరులో ప్రమాణం పడితే సంక్రాంతికి ఊళ్లో ఉంటామని టికెట్టు తీసేయకండి. ఓసీఐ అందాకే చెన్నైకి బుక్ చేయండి.